‘ఆర్డర్ రాలేదని ఆగిపోయాను, నేను సెక్షన్‌ను నడపగలనా?’

కర్నూలు జిల్లా పత్తికొండ వైపు పల్లెకు చెందిన ఒక సైనికుడు లీవులో ఇంటికొచ్చి రాసిన ఉత్తరం ఇది. పేరు, యూనిట్ బయటపెట్టొద్దని అడిగారు. ఉత్తరం పెద్దది. అసలు విషయం పోకుండా కుదించి ఇస్తున్నాను.

ఆయన వయసు 30. ఇంటర్ అయ్యాక ఇన్‌ఫాంట్రీలో చేరి 11 ఏళ్లు. ఇప్పుడు నాయక్, అంటే హవల్దార్‌కు ఒక మెట్టు కింది ర్యాంకు. నాన్న ఊళ్లో వేరుశనగ, ఉల్లి వేస్తారు. ఐదేళ్ల పాప చదువు కోసం భార్య, పాప కర్నూలులో అద్దె ఇంట్లో ఉంటారు. ఇన్నేళ్లలో ఆయన మీద ఒక్క మాట పడలేదు. ఫైరింగ్‌లో, పరుగులో ముందుంటారు. సెక్షన్ కమాండర్ హవల్దార్ లీవుకు వెళ్లడంతో రెండు నెలలు సెక్షన్, అంటే పదిమంది దాకా ఉండే చిన్న దళం, ఆయన చేతికి వచ్చింది. అప్పుడే ఒక రాత్రి ఎక్సర్‌సైజ్. ఒక నాలా దాటి తెల్లవారి 5 గంటలకల్లా అవతలి టేకరీ (చిన్న గుట్ట) మీదకు చేరాలి. అక్కడ ఎల్ఎంజీ (లైట్ మెషిన్ గన్) పెట్టి, కింద దాడికి దిగే ఇంకో ప్లటూన్‌కు కవరింగ్ ఫైర్ ఇవ్వాలి, అంటే శత్రువు తల ఎత్తకుండా కాలుస్తూ ఉండాలి. అంతకుముందు రోజు పడిన వానకు నాలా నిండి పారుతోంది. రేడియో సెట్ పలకడం మానేసింది. సెక్షన్‌లోని కడప జిల్లా కుర్రాడు, అగ్నివీర్, మెల్లగా వచ్చి, ‘అన్నా, ఎడమ పక్క మేకల దోవ ఉండాది, కొంచెం చుట్టు అయినా టయానికి చేరుకుంటాం’ అన్నాడు. ఈయన ‘ఆర్డర్ రానీ’ అన్నారు. నలభై నిమిషాలు అక్కడే కూర్చున్నారు. దాడి చేసే ప్లటూన్ కవరింగ్ ఫైర్ లేకుండానే కదిలింది. సగం మంది చచ్చినట్టేనని అంపైర్ తేల్చేశాడు.

తర్వాత జరిగిన డీబ్రీఫింగ్‌లో కంపెనీ కమాండర్, ‘నీ పని ఏమిటి?’ అని అడిగారట. ఈయన ‘నాలా దాటడం సాబ్’ అన్నారు. ఆయన ఇంకేం అడగలేదు. వెనక నుంచి ఆ కుర్రాడు అందరూ వినేలా, ‘నేను దోవ చూపిస్తే వినలేదు’ అన్నాడు. ఆ సాయంత్రం ఈయన ఆ కుర్రాడిని గ్రౌండుకు తీసుకెళ్లి, వీపున పిట్టూతో (సామాన్ల సంచితో) అరగంటకు పైగా రగడా ఇచ్చారు, అంటే శిక్షగా ఒళ్లు హూనమయ్యేలా పరుగెత్తించారు. అప్పటి నుంచి అతను చెప్పింది చేస్తాడు, చెప్పనిది గడ్డిపోచంత కూడా చేయడు. మిగతా వాళ్లూ అదే దారి పట్టారు. ప్లటూన్ హవల్దార్ మాత్రం, ‘నువ్వు చేసింది కరెక్టే, ఆగినందుకు ఫౌజులో ఎవరికీ శిక్ష పడలేదు’ అంటున్నారు. కంపెనీ కమాండరేమో, ‘సెక్షన్ నీకు అప్పజెప్పొచ్చని మూడు నెలల్లో చూపించు, హవల్దార్ కేడర్‌కు (ఆ ర్యాంకు ప్రమోషన్ కోసం చేసే కోర్సుకు) పేరు పంపిస్తా’ అన్నారు. భార్య, ‘ఆ టెన్షన్ మనకెందుకు, 15 ఏళ్లు కాగానే పెన్షన్ తీసుకుని వచ్చేయండి’ అంటోంది. ‘నాకు చెప్పింది చేయడం వచ్చు. నడిపించడం రాదేమో. హిందీలో ఆలోచించుకుని నోరు తెరిచేసరికి అవకాశం దాటిపోతుంది. ఏం చేయమంటారు?’ అని ఉత్తరం ముగించారు.

తమ్ముడూ,

నేనూ ఈ సీమ నుంచి పల్టన్‌కు వెళ్లి సుబేదార్‌గా బయటికొచ్చినవాణ్ణే. మీరు రాసిన ప్రతి మాటా నాకు కళ్లకు కట్టింది. మీ ఉత్తరంలో ఆ రాత్రి, ఆ కుర్రాడు, మీ ముందున్న ఉద్యోగం మూడూ కలిసి చిక్కుపడ్డాయి. వాటిని విడివిడిగా చూడకపోతే, ఒక రాత్రి జరిగిన దాన్నిబట్టి పదేళ్ల నిర్ణయం తీసుకునే ప్రమాదం ఉంది.

ముందు ఆ రాత్రి. మీరు ఆగడం గురించి అందరూ మాట్లాడుతున్నారు గానీ, నన్ను ఆపింది మీరు చెప్పిన జవాబు. ‘నీ పని ఏమిటి’ అంటే ‘నాలా దాటడం’ అన్నారు. నాలా మీ దారిలో ఉన్న ఒక అడ్డు, అంతే. మీ పని 5 గంటలకల్లా టేకరీ మీద ఎల్ఎంజీ పలికించడం. ఆ పని ఎందుకంటే, కింద నుంచి వచ్చే ముప్పై మంది ప్రాణాలు దాని మీద ఆధారపడి ఉన్నాయి. ఇది మీ మనసులో పైన ఉండి ఉంటే, ఎడమ దారా, కుడి దారా అన్నది చిన్న విషయమైపోయేది. మీ మనసులో దారి మాత్రమే ఉంది. దారి మూసుకుపోగానే పనీ ఆగిపోయింది. కంపెనీ కమాండర్ ఆ తర్వాత ఇంకేం అడగకపోవడానికి కారణం ఇదేనని నా అనుమానం. పిరికితనం అని ఆయన అనుకోలేదు. అలా అనుకుంటే కేడర్ మాట ఎత్తేవారే కాదు.

ఆర్డర్లు ఇచ్చే పద్ధతి కేడర్‌లో మీకు నేర్పారు. జమీనీ నిషాన్ (నేల గుర్తులు), ఖబర్ (సమాచారం), మక్సద్ (లక్ష్యం), తరీకా (చేసే పద్ధతి), చివరికి సిగ్నల్. అందులో మక్సద్‌ను రెండుసార్లు చెప్పాలని నియమం. మిగతావి ఒకసారి చెబితే చాలు. ఎందుకో ఎప్పుడైనా ఆలోచించారా? తరీకా మొదటి పది నిమిషాల్లోనే చెడిపోవచ్చు. అప్పుడు సిపాయి దగ్గర మిగిలేది మక్సద్ ఒక్కటే. మన దగ్గర జరిగేది ఏమిటంటే, కేడర్ పాసవడానికి కుర్రాళ్లు ఆ వరుసంతా గడగడా అప్పజెబుతారు, చివర ‘కోయీ షక్?’ (ఏమైనా సందేహమా?) అంటే ‘నహీ సాబ్’ అని అరుస్తారు, అందరూ లేచిపోతారు. షక్ లేదన్న వాళ్లలో సగం మందికి ఏం చేయబోతున్నామో తెలియదు. ఈ తంతు నాకెప్పుడూ నచ్చలేదు, ఇప్పటికీ నచ్చదు.

‘ఆర్డర్ లేకుండా దారి మార్చడం క్రమశిక్షణ తప్పడం కాదా’ అని కూడా మీరు అడిగారు. ఆర్మీ చట్టం, 1950లో 41వ సెక్షన్ పై అధికారి ఇచ్చిన చట్టబద్ధమైన ఆజ్ఞను ధిక్కరించడం గురించి చెబుతుంది. మీకు ఇచ్చిన ఆజ్ఞ టేకరీకి చేరమని. అందుకోసం పక్కదారి వెతకడం దాన్ని ధిక్కరించడం కాదు, నెరవేర్చడం. అయితే దీన్ని పట్టుకుని రేపటి నుంచి ఎక్కడ పడితే అక్కడ దారి మార్చేయకండి. ఫీల్డ్ ఫైరింగ్‌లో అసలు తూటాలు పేలుతున్నప్పుడు మీకు గీసిన హద్దు దాటారంటే మనవాళ్ల తూటాకే మనవాడు పడతాడు. అక్కడ సొంత తెలివి పనికిరాదు. బార్డర్ మీద గస్తీలో చెప్పిన దారి వదిలితే మైన్ల మీదకో, మన పల్టనే కాచుకున్న అంబుష్‌లోకో వెళ్లొచ్చు. అంటే మీ హవల్దార్ మాట పూర్తిగా తప్పని నేను అనను. కొన్ని చోట్ల ఆగడమే ప్రాణం కాపాడుతుంది. కానీ ఆ రాత్రి మీరున్నది అలాంటి చోటు కాదని మీరే రాశారు.

మరి ఏం చేయొచ్చు? మేకల దారి ఒక్కటే మార్గం కాదు. ఇద్దరిని వెనక్కి ప్లటూన్ దగ్గరికి పరుగెత్తించి ఉండొచ్చు. పది నిమిషాలు గడువు పెట్టుకుని, అప్పటికీ సెట్ పలకకపోతే ఎడమకు తిరుగుతానని సెక్షన్‌కు చెప్పి ఉండొచ్చు. అన్నిటికంటే ముందు, బయల్దేరేటప్పుడే సుబేదార్ సాబ్‌ను, ‘సెట్ పోతే ఏం చేయాలి సాబ్, నాలా దాటలేకపోతే ఎంత దూరం పక్కకు పోవచ్చు’ అని అడిగి ఉండాల్సింది. ఈ రెండు ప్రశ్నలకు జవాబు చేతిలో ఉంటే సగం భయం ఉండదు. నేను ఏది అడగకుండా మార్చొచ్చు, ఏది మార్చకూడదు అన్నది చీకట్లో ఆలోచించేది కాదు. వెలుగులో, సాండ్ మోడల్ (ఇసుకతో చేసిన నేల నమూనా) ముందు నిలబడి తేల్చుకునేది.

మీ నాన్నను తలుచుకోండి. తొలకరి పడ్డాక విత్తనం ఎప్పుడు వేయాలో ఆయనకు ఎవరూ ఫోన్ చేసి చెప్పరు. పదును చూసి, మబ్బు చూసి, గొర్రు కడతారు. ఒక్కోసారి లెక్క తప్పుతుంది, విత్తనం పోతుంది. అయినా మళ్లీ పదును చూసే వేస్తారు. మీరు పుట్టి పెరిగింది ఆ ఇంట్లో. ‘నాకు నిర్ణయం తీసుకోవడం రాదు’ అంటే నేను నమ్మను.

మరి ఎక్కడ పోయింది? ఎక్కడా పోలేదు, పక్కన పెట్టించారు. రంగ్రూటుగా (కొత్త సైనికుడిగా) ట్రైనింగ్ సెంటర్‌లో చేరినప్పుడు ఉస్తాద్ నోట మాట రాగానే చేతులు కదలాలి. దానికి కారణం ఉంది. చేతిలో నిండు రైఫిల్ ఉన్న పద్దెనిమిదేళ్ల పిల్లవాడు ‘ఎందుకు’ అని ఆలోచిస్తూ నిలబడితే పక్కవాడు పోతాడు. ఆ అలవాటు అవసరమే. చిక్కు ఎక్కడంటే, ఆ అలవాటు మీద ఇంకొకటి ఎప్పుడు ఎక్కించుకోవాలో మనకు ఎవరూ కూర్చోబెట్టి చెప్పరు. సిపాయిగా ఎనిమిదేళ్లు చెప్పింది చేసినవాడు, భుజానికి రెండు ఫీతీలు పడిన మర్నాటి నుంచి తానే చెప్పాలి. లాన్స్ నాయక్, నాయక్ దగ్గరే ఈ మార్పు జరుగుతుంది, ఎవరికీ కనిపించకుండా. చాలామంది అక్కడే ఆగి, ఆగినట్టు కూడా తెలియకుండా పెన్షన్‌కు వెళ్లిపోతారు. మీరు కనీసం ఉత్తరం రాశారు.

మీ ర్యాంకు చిన్నదని అనుకోకండి. 1948 ఫిబ్రవరి 6న జమ్మూ కశ్మీర్‌లోని నౌషేరా దగ్గర తైన్‌ధార్‌లో ముందు పోస్టులో ఉన్నది తొమ్మిది మంది, వాళ్ల కమాండర్ నాయక్ జదునాథ్ సింగ్. మీ ర్యాంకే. మీద మీద పడుతున్న దాడుల్లో మనుషులు గాయపడుతుంటే, ఉన్నవాళ్లను మళ్లీ సర్ది, బ్రెన్ గన్ పట్టినవాడు పడిపోతే తానే దాన్ని అందుకుని నిలబెట్టాడు. ఆయన అక్కడే ప్రాణం విడిచాడు, పరమవీర చక్ర వచ్చింది. ఆ మధ్యలో ఆయనకు ఎవరు ఆర్డర్ పంపుతారు? 1965 యుద్ధంలో పంజాబ్‌లోని ఖేమ్‌కరణ్ దగ్గర పాకిస్తాన్ ప్యాటన్ ట్యాంకులను జీపు మీద ఉన్న రీకాయిల్‌లెస్ గన్‌తో కొట్టిన అబ్దుల్ హమీద్ ర్యాంకు కంపెనీ క్వార్టర్ మాస్టర్ హవల్దార్, స్టోర్ లెక్కలు చూసే హోదా. సెంటర్‌లో వీళ్ల ఫోటోల ముందు మనం ఎన్నోసార్లు సెల్యూట్ కొట్టాం. ధైర్యం గురించి చెబుతారు గానీ, వాళ్ల స్థానంలో నిర్ణయం ఎవరిది అన్నది ఎవరూ అడగరు. అది నాయక్‌ది, హవల్దార్‌ది.

ఇక ఆ కుర్రాడి సంగతి. ఇక్కడ నేను మెత్తగా మాట్లాడను. రగడా మీ కోపం, శిక్ష కాదు. నాయక్‌కు శిక్ష వేసే అధికారం చట్టంలో లేదు. జవాన్లను శిక్షించే అధికారం 80వ సెక్షన్ కింద కమాండింగ్ ఆఫీసరుకూ, ఆ అధికారం ఇచ్చిన ఇతర ఆఫీసర్లకూ ఉంటుంది. అంతకన్నా, అదే చట్టంలో 47వ సెక్షన్ కింది ర్యాంకు వాణ్ణి హింసించడం, అతనితో దుర్వ్యవహారం చేయడం నేరమని చెబుతుంది. ఆ సెక్షన్ ఆఫీసర్లకు ఎంత వర్తిస్తుందో, నాయక్, హవల్దార్ లాంటి ఎన్‌సీవోలకూ అంతే. ‘ఫౌజులో అందరూ ఇస్తారు’ అంటారు, తెలుసు. అందరూ ఇస్తారు కాబట్టే ఏదో ఒకరోజు ఎవడో ఒకడు ఎండకు పడిపోయాక ఎంక్వయిరీ కూర్చుంటుంది. ఆ రోజు ‘అందరూ ఇస్తారు’ అన్నది జవాబుగా పనికిరాదు.

కుర్రాడు కూడా తప్పు చేశాడు. కంపెనీ కమాండర్ ముందు తన సెక్షన్ కమాండర్‌ను చిన్నబుచ్చాడు. అది అతనికి చెప్పాలి. కానీ అతని మౌనాన్ని మీరు అలక అనుకుంటున్నట్టున్నారు. ఒక్కసారి అతని వైపు నుంచి చూడండి. అగ్నివీర్‌కు నాలుగేళ్లు. ఆ తర్వాత బ్యాచ్‌లో గరిష్ఠంగా 25 శాతం మందికే రెగ్యులర్ సర్వీసు. ఆ నాలుగేళ్లలో అతని పనితీరును ఎలా చూశారన్నది అతని బతుకు. ఒక రాత్రి సొంత తెలివి చూపించాడు, మర్నాడు పిట్టూ వేసుకుని పరుగెత్తాడు. అతను నేర్చుకున్నది ఏమిటి? ఈ పల్టన్‌లో నోరు తెరిస్తే నష్టం, చెప్పింది చేస్తే క్షేమం. మీరు 11 ఏళ్లలో నేర్చుకున్న పాఠాన్ని అతనికి అరగంటలో నేర్పారు. మిగతా ఎనిమిది మంది చూస్తూ నేర్చుకున్నారు.

ఇప్పుడు మీకు రెండు మూడు దారులున్నాయి. ఏమీ అనకుండా వదిలేయొచ్చు. కాలం గడిస్తే అతను మామూలుగా మాట్లాడతాడు, నవ్వుతాడు, లంగర్‌లో (భోజనాల దగ్గర) పక్కన కూర్చుంటాడు. కానీ చీకట్లో మేకల దారి కనిపించినా ఇక చెప్పడు. రెండోది, ఒంటరిగా పిలిచి మాట్లాడటం. ‘ఆ రాత్రి నువ్వు చెప్పింది సరైనదే. రగడా ఇవ్వాల్సింది కాదు. అందరి ముందు అలా అనడం నీది తప్పు, ఇకపై నా చెవిలో చెప్పు, వింటాను.’ అతనితో సంబంధం దీంతో బాగవుతుంది. అయితే మిగతా వాళ్లకు ఇది తెలియదు, వాళ్ల మౌనం అలాగే ఉంటుంది. మూడోది, సెక్షన్ అందరినీ కూర్చోబెట్టి ఆ రాత్రి గురించి మీరే మాట్లాడటం. ఎక్కడ ఆగాం, ఎందుకు ఆగాం, ఇంకోసారి ఏం చేద్దాం అని. దీనికి గుండె కావాలి. ఒకరిద్దరు వెనక నవ్వుకోవచ్చు. మీ హవల్దార్ చెవిన పడితే ‘ఇదేం డ్రామా’ అనొచ్చు. కానీ అందరూ చూసిన దాన్ని అందరి ముందూ సరిచేస్తేనే అది సరైనట్టు. నా మనసు రెండోది చేసి, నాలుగు రోజులు ఆగి మూడోది చేయడం వైపు మొగ్గుతోంది. మీ సెక్షన్ మనుషులు మీకు తెలిసినంత నాకు తెలియదు, కాబట్టి తూకం మీదే.

మీ కంపెనీ కమాండర్ మూడు నెలలు ఇచ్చారు. ఈ మూడు నెలల్లో మళ్లీ నాలా, టేకరీ దొరక్కపోవచ్చు. చొరవ అనేది కొండ మీదే పుట్టేది కాదు, బ్యారక్‌లో పుడుతుంది. వారంలో ఒక పూట సెక్షన్‌ను మీ లాన్స్ నాయక్‌కు అప్పజెప్పి, మీరు పక్కన ఎల్ఎంజీ నంబర్ టూగా (గన్ పట్టినవాడి సహాయకుడిగా) నడవండి. మ్యాప్ రీడింగ్ క్లాసు ఆ కడప కుర్రాడితో చెప్పించండి. దారి చూసే కన్ను అతనికి ఉందని తేలిపోయింది కదా. పని అయ్యాక పది నిమిషాలు కూర్చోండి. చిన్నవాడు ముందు మాట్లాడాలి, మీరు చివర మాట్లాడాలి. మీరు ముందు మాట్లాడితే ఇక ఎవరూ నోరు విప్పరు. ఇక్కడ ఒక మాట చెప్పాలి: మొదటి రెండు వారాలు పని చెడుతుంది. లాన్స్ నాయక్ తప్పు దిశలో తీసుకెళ్తాడు, పీటీ ఆలస్యమవుతుంది, సీనియర్ జేసీవో (సుబేదార్ స్థాయి అధికారి) మిమ్మల్నే అంటారు. ఆ మాట మీ మీద వేసుకోవాలి. కింది వాడి మీదకు తోసేస్తే రగడా కంటే అన్యాయం అదే.

హిందీ గురించి రాశారు. దీన్ని చాలామంది మన జిల్లాల కుర్రాళ్లు సిగ్గుతో దాచుకుంటారు. ఆర్డర్లు ఇవ్వాల్సి వస్తే ముందు నోట్‌బుక్‌లో తెలుగులో రాసుకోండి, ఐదు లైన్లు చాలు. మక్సద్ లైను కింద గీత గీయండి. దాన్ని చిన్న చిన్న హిందీ మాటల్లో చెప్పండి. చివర ‘కోయీ షక్’ అని అడగకండి. దాని బదులు ఎల్ఎంజీ పట్టినవాణ్ణి లేపి ‘మనం ఎందుకు పోతున్నామో నువ్వు చెప్పు’ అనండి. అతను తన మాటల్లో చెబితే మీ హిందీ చాలినట్టే. తడబడితే మీరు మళ్లీ చెబుతారు, అంతే. పల్టన్‌లో అందరూ అందమైన హిందీ మాట్లాడేవాళ్లేమీ కాదు. తమిళంలో తిట్టి హిందీలో ఆర్డర్ ఇచ్చే హవల్దార్ల కింద నేను హాయిగా పనిచేశాను.

ప్లటూన్ హవల్దార్‌ను మీరు కొంచెం వెటకారంగా రాశారు. వద్దు. ఆయన సర్వీసు చివరికొచ్చిన మనిషి, ఆయన కాలంలో తప్పు చేసినవాడికి శిక్ష పడటం చూశాడు గానీ, ఆగినవాడికి పడటం చూడలేదు. ఆయనతో వాదన పెట్టుకుంటే మీ మూడు నెలలూ అందులోనే పోతాయి. మీరు చేయబోయేది ముందే ఆయన చెవిన వేయండి, స్టోర్, డ్యూటీ రోస్టర్ లాంటివి ఆయన దగ్గర నేర్చుకోండి. అడిగితే కాదనేవాళ్లు తక్కువ.

చివరికి ఉద్యోగం. మీ భార్య మాటను ‘భయం’ అని కొట్టిపారేయకండి. పాపతో ఒంటరిగా ఊరు మారి ఉంటున్న మనిషి ఆమె. 15 ఏళ్ల క్వాలిఫయింగ్ సర్వీసుకు జవాన్లకు పెన్షన్ వస్తుంది, నిజమే. అంటే ఇంకో నాలుగేళ్లు. అయితే ఒక చిక్కు ఉంది. ఎంగేజ్‌మెంట్ గడువు పూర్తికాకుండా సొంత కోరిక మీద డిశ్చార్జ్ తీసుకున్నవాళ్లకు వన్ ర్యాంక్ వన్ పెన్షన్ (ఒకే ర్యాంకు, ఒకే సర్వీసు ఉన్నవాళ్లు ఎప్పుడు రిటైరైనా పెన్షన్ సమంగా ఉండేలా ఎప్పటికప్పుడు పెంచే పథకం) వర్తించదని 2015 నవంబర్ నాటి ప్రభుత్వ ఉత్తర్వు చెబుతోంది. అంటే తర్వాత జరిగే ఆ పెంపులు మీకు రాకపోవచ్చు. ‘15 కాగానే వచ్చేయడం’, ‘గడువు పూర్తి చేసుకుని రావడం’ ఒకటి కాదు. ఆమెకు ఈ లెక్క తెలియకపోవచ్చు, మీకే తెలియకపోవచ్చు. కర్నూలులో జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి ఇద్దరూ కలిసి ఒక పూట వెళ్లిరండి. బయటికొచ్చాక డిఫెన్స్ సెక్యూరిటీ కోర్‌లో (సైనిక సంస్థలకు కాపలా కాసే దళంలో) మళ్లీ చేరే వీలు, కేంద్ర ప్రభుత్వ గ్రూప్-సి పోస్టుల్లో మాజీ సైనికులకు ఉన్న 10 శాతం రిజర్వేషన్, ఇవన్నీ అక్కడ అడగండి. ఇంటికి రావడం ఓటమి కాదు. నాయక్‌గా గౌరవంగా వచ్చినవాళ్లు మన ఊళ్లలో ఎంతమందో ఉన్నారు. కానీ ‘నాకు నడిపించడం రాదు’ అని వస్తే మాత్రం ఆ మాట మీతోపాటు ఇంటికొస్తుంది. బ్యాంకు గేటు దగ్గర నిలబడినా పక్కనే ఉంటుంది.

హవల్దార్ కేడర్ పాసై ప్రమోషన్ వస్తే ర్యాంకుతో పాటు సర్వీసు గడువూ పెరుగుతుంది, పెన్షన్ చివరి జీతాన్ని బట్టి ఉంటుంది కాబట్టి అదీ పెరుగుతుంది. ఖర్చు ఏమిటంటే, కర్నూలు ఇల్లు ఇంకొన్నేళ్లు ఆమె ఒక్కతే చూసుకోవాలి. ఫ్యామిలీ క్వార్టర్ దొరికే పీస్ స్టేషన్ (బార్డర్‌కు దూరంగా ఉండే కంటోన్మెంట్) పోస్టింగ్ ఎప్పుడొస్తుందో చూసుకుని పాపను తీసుకెళ్లే ఆలోచన కూడా ఆమె ముందు పెట్టండి.

మూడో దారి మీరు రాయలేదు గానీ, నేను చెబుతాను. ఆర్మీ క్యాడెట్ కాలేజీ ద్వారా ఆఫీసర్ అయ్యే ఎంట్రీకి వయసు 27 దాటకూడదు, అది మీకు అయిపోయింది. ఆ కడప కుర్రాడు రెగ్యులర్‌లో నిలిచాడంటే మాత్రం అతనికి చెప్పండి. మీ వయసు వాళ్లకు స్పెషల్ కమిషన్డ్ ఆఫీసర్ ఎంట్రీ ఉంది, 28 నుంచి 35 ఏళ్లు, కనీసం ఐదేళ్ల సర్వీసు. రాత పరీక్ష, ఆ తర్వాత ఎస్ఎస్‌బీ, అంటే ఆఫీసర్లను ఎంపిక చేసే బోర్డు పరీక్ష. తాజా నోటిఫికేషన్ యూనిట్ ఎడ్యుకేషన్ ఇన్‌స్ట్రక్టర్ దగ్గర చూసుకోండి. ఎస్ఎస్‌బీ గ్రౌండులో వాళ్లు పరీక్షించేదీ ఇదే. అడ్డు ఒకటి ముందు పెడతారు, ఆర్డర్ ఎవరూ ఇవ్వరు, గుంపులో ఎవరు ఏం చేస్తారో చూస్తారు. ఇప్పుడున్న మనఃస్థితిలో మీరు దానికి సిద్ధంగా లేరు, ఆ మాట దాచను. ఈ మూడు నెలలు బాగా గడిస్తే వచ్చే ఏడాది మీరే వేరేగా చెబుతారేమో.

ఈ మూడింటిలో ఏదీ ఈ లీవులోనే తేల్చుకోవాల్సిన పని లేదు. కేడర్‌కు పేర్లు ఎప్పుడు పంపుతారో సీహెచ్ఎంకు (కంపెనీ హవల్దార్ మేజర్‌కు) ఫోన్ చేసి కనుక్కోండి, దానికి వారం ముందు దాకా మీకు టైముంది. గుంతకల్లులో రైలెక్కే లోపు మీ భార్యతో కూర్చుని రెండు లెక్కలూ కాగితం మీద వేయండి. డ్యూటీలో చేరిన మొదటి సాయంత్రం, రోల్ కాల్ అయ్యాక, ఆ కుర్రాడిని పిలిచి మాట్లాడండి. మిగతాదానికి ఏ దారి పట్టారో మళ్లీ రాయండి.